రాహేలమ్మ వరస

ఏటికి రేవు కట్టకముందు, ఏటి నడిమి లంకకి ఇంకా పేరు కుదరకముందు, అక్కడో పేట ఉండేది. పేటకి ఏసుప్రభువు పేరన ఒక తాటాకు గుడి ఉండేది. ఆ గుడి గుమ్మం పక్కన రాహేలమ్మ కూర్చునేది.

రాహేలమ్మ తుంగచాపలు అల్లుకుని బతికే మనిషి. మొదట మొగుడు పోయాడు. తరవాత కొడుకు పోయాడు. ఉన్న ఒక్క కూతురి పంచన చేరదామనుకునేసరికి కూతురూ పోయింది. ముగ్గుర్నీ ఏటిగట్టున మట్టిలో పెట్టి వచ్చింది. కంట చుక్క రాలేదు. గుండె బండయిపోయింది.

నీళ్ళ దగ్గర పక్కింటి సుందరమ్మ ఊరుకునేదా?

"పేరేమో రాహేలు! బైబిల్లో రాహేలు పిల్లల కోసం ఏడ్చి ఏడ్చి ఓదార్పే వద్దంది. ఈవిడ కళ్ళు చూడండర్రా, వేసంగి కుంటలు!"

రాహేలమ్మ కడవ ఎత్తుకుని వెళ్ళిపోయేది.

ఆ పేటలో ఒక కట్టడి ఉండేది. ప్రభువు బల్ల దగ్గర ఆయన జ్ఞాపకంగా విరిచే రొట్టె తీసుకోవాలంటే, ఏటేటా ఆయన సమాధిలోంచి లేచిన పునరుత్థాన పండగనాడు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ప్రభువు తన గుండెలో ఏం చేశాడో చెప్పాలి. ఒకరికి ఆయన కల్లో కనపడేవాడు. ఒకరికి ప్రార్థనలో ఒళ్ళు పులకరించేది. ఇక ఆశీర్వాదం అనే సంఘపెద్ద సాక్ష్యం చెబుతుంటే ఆయన గడ్డం తడిసేది, వినేవాళ్ళ పైటలూ తడిసేవి.

తనవాళ్ళున్న రోజుల్లో రాహేలమ్మా చెప్పేది. అప్పుడు గుండె మెత్తగా ఉండేది. ఇప్పుడామెకి ఒకటే ఆశ. చచ్చేలోగా మళ్ళీ ఒక్కసారి, అందరి పక్కనా మోకరించి ఆ రొట్టె తినాలి.

మొదటేడు లేచింది. "ఆయన లేచాడు" అంది.

"అది అందరికీ తెలిసిందేగా రాహేలూ. నీ గుండెలో ఏమైంది?" అన్నాడు ఆశీర్వాదం.

"నా గుండెలో ఏమీ అవలేదు పెద్దయ్యా. ఆయన లేచాడు, అంతే."

"అయితే కూర్చో."

కూర్చుంది. రెండో ఏడు లేచింది. అదే మాట అంది. కూర్చుంది.

మూడో ఏడు సుందరమ్మ కొంగు పట్టి లాగింది. "ఏదో ఒకటి కల్పించి చెప్పరాదా ఒదినా? నేను చెప్పే కలలన్నీ నిజమనుకుంటున్నావా?"

"ఆయన నిజంగా లేచాడే. దాని పక్కన అబద్ధం ఎట్లా పెట్టను?"

లేచింది. అదే మాట అంది. కూర్చుంది.

ఇంట్లో ఒక్క మనిషి, ఒక్క కంచం. తుంగ అల్లుతూ గోడతో చెప్పినట్టు చెప్పుకునేది. "నాకు నువ్వు కనపడవు, వినపడవు. అయినా లేచావు." గోడ పలికేది కాదు. ప్రభువూ పలికేవాడు కాదు.

ఆ ఏడు వానల వెనకాలే మాయదారి జబ్బు వచ్చింది. ఆశీర్వాదం ఒక్కగానొక్క కూతుర్ని తీసుకుపోయింది.

పండగ వచ్చింది. గుడి పాస్టరు అయ్యగారు బల్ల సిద్ధం చేశారు. ఆశీర్వాదం నిలబడ్డాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా గుండెలో ఏమీ లేదు. నాకీ బల్లలో పాలు లేదు."

కండువా భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. రాహేలమ్మ అడ్డంగా చెయ్యి చాపింది.

"ఎక్కడికి పెద్దయ్యా?"

"నిన్ను కూర్చోబెట్టిన చోటికే."

"ఆయన లేచాడు."

"నాకేమీ అనిపించటం లేదు తల్లీ!"

"నాకూ ఏళ్ళ తరబడి అనిపించలేదు. బైబిల్లో ఆ ఆడవాళ్ళు ఆయన సమాధి దగ్గరికి శవానికి పూసే సుగంధాలు పట్టుకుని పోయారు. వాళ్ళకి మాత్రం ఆయన లేచాడని అనిపించిందా? వాళ్ళు పోయేసరికే రాయి దొర్లించి ఉంది. మనకి అనిపించేదాకా ఆయన ఆగలేదు పెద్దయ్యా."

"మరి ఈ బండగుండెతో ఆ మాట నీదెట్లా అయింది?"

రాహేలమ్మ చాపిన చెయ్యి దించింది.

"ఆయన లేవకపోతే నా ముగ్గురూ మట్టే. లేచాడు గనక వాళ్ళని ఆయనకి అప్పజెప్పాను. అప్పజెప్పి, పొద్దున్నే చాప ముందు కూర్చుంటున్నా. నా దగ్గరున్న సాక్ష్యం అదే."

ఆశీర్వాదం గుమ్మంలోనే ఆమె పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణించే అయ్యగారిని పిలిచాడు.

"అయ్యగారూ, రొట్టె ఇక్కడికి తెండి. ముందు ఈమెకి. ఆ తరవాత, ఇస్తే, నాకు."

అయ్యగారు తెచ్చారు. ఇద్దరూ పక్కపక్కన మోకరించి తిన్నారు.

బయటికొచ్చాక సుందరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడేమన్నా అనిపించిందా ఒదినా?"

"లేదే. రొట్టె చప్పగా ఉంది."

ఆ తరవాత కూడా రాహేలమ్మకి కల రాలేదు. కన్నీళ్ళు రాలేదు. ఒంటరిగానే బతికింది. ఒక ఎండాకాలం, అల్లుతూ అల్లుతూ సగం చాప మీద ఒరిగిపోయింది. తనవాళ్ళ పక్కనే పెట్టారు.

ఈనాటికీ ఆ పేటలో పునరుత్థాన పండగనాడు, సాక్ష్యాలకంటే ముందు, సంఘపెద్ద అడుగుతాడు. "గుండె ఎండిపోయినవాళ్ళు ఉన్నారా?" ఉన్నవాళ్ళు ముందుకొచ్చి వరసగా నిలబడతారు. సంఘమంతా లేచి, "మీకు అనిపించకపోయినా ఆయన లేచాడు" అంటుంది. మొదటి రొట్టె వాళ్ళకే. దాన్ని రాహేలమ్మ వరస అంటారు.

కొన్నేళ్ళు ఆ వరసలో ఒక్కరే ఉంటారు. అప్పుడు ఎవరో ఒకరు, ఏమీ అడక్కుండా, వెళ్ళి ఆ మనిషి పక్కన నిలబడతారు.