పక్కింటి ముందు గట్టు

అనగనగా ఒక రాజు. రాజుకి ఏడుగురు కొడుకులనుకున్నారా? కాదర్రా, ఈ రాజుకి ఒక్కతే కూతురు. పేరు హేమరేఖ. ఆ రాజుగారి ఊరు ఏటి ఒడ్డున ఉండేది. ఏటా ఎండాకాలంలో ఇంటికో మనిషి తట్టా పారా పట్టుకొచ్చి, ఏటిగట్టు మీద కొత్తమట్టి వేసేవాళ్ళు. ఎన్ని వానలొచ్చినా ఊళ్ళోకి నీళ్ళొచ్చేవి కావు.

ఒక ఏడాది పొగమీసాల మాంత్రికుడొకడు వచ్చాడు. "ఎందుకర్రా ఈ మట్టి మోత? ఏటిని నా మంత్రంతో ఆపుతాను. మీ తట్టలూ పారలూ నాకిచ్చేసి హాయిగా పడుకోండి" అన్నాడు.

ఊరికే వస్తే ఎవరు వద్దంటారు! అందరూ ఇచ్చేశారు. వాడు వాటిని తీసుకెళ్ళి ఏట్లో పారేశాడు. పదేళ్ళు గడిచాయి. గట్టు కరిగిపోయింది. పక్కింటివాళ్ళ పేర్లు కూడా మరిచిపోయారు, ఏం జనమో!

అప్పుడు మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు. "రాజా! ఏరువాక పున్నమికి నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి. లేదా మంత్రం తీసేస్తాను, ఊరు మునుగుతుంది" అన్నాడు. రాజు సాయం కోరుతూ చుట్టుపక్కల రాజ్యాలకి కబురు పంపాడు.

పొరుగు రాజ్యంలో ముగ్గురు రాకుమారులున్నారు. ఈ సంగతి విని పెద్దవాడు "మనకెందుకు?" అన్నాడు. రెండోవాడు "మనకేం నష్టం?" అన్నాడు. మూడోవాడు ఉదయకేతుడు చెప్పులేసుకుని బయల్దేరాడు.

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. మూడు సముద్రాలు తాబేలు దాటించింది. మూడు సముద్రాలు కొంగ దాటించింది. ఏడోది తనే ఈదాడు. అక్కడ తాటిచెట్టుకి వేలాడుతున్న పంజరంలో చిలక కనిపించింది.

"నాయనా, ఆ ముసలాడి ప్రాణం మోయలేక చస్తున్నాను" అంది చిలక. "నేను ఈ పంజరం దాటి ఎగిరితే చాలు, వాడు పోతాడు. కానీ వాడితో పాటే మంత్రమూ పోతుంది. ఏరు ఊరి మీద పడుతుంది. ముందు గట్టు సంగతి చూసుకో."

ఉదయకేతుడు పంజరంతో సహా ఊరు చేరాడు. జనం ఎగిరి గంతేశారు. "చిలక మన చేతిలో ఉందిగా! ఇక వాడే వచ్చి గట్టు కడతాడు" అన్నారు.

హేమరేఖకి ఒళ్ళు మండింది. "వాడిచేత చేయించుకోబట్టేగా నా మెడకి చుట్టుకుంది!" అని వెదురు చీల్చి తట్ట అల్లడానికి కూర్చుంది. అది చూసి సిగ్గుపడి అందరూ కూర్చున్నారు.

మొదటిరోజు ఎవరింటి ముందు వాళ్ళు గట్టు వేసుకున్నారు. షావుకారు చిన్నయ్య గట్టు నిలువెత్తు, పక్కనున్న నూకాలవ్వ గట్టు మోకాలెత్తు. ఇంటికీ ఇంటికీ మధ్య మాత్రం ఖాళీ! రెండోరోజు ఆ ఖాళీ నీదంటే నీదని తగవులు. మూడోరోజు నూకాలవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చి పకపకా నవ్వింది.

"నీళ్ళకి మీ హద్దులు తెలుస్తాయిట్రా? మా రోజుల్లో ఎవడింటి ముందు వాడు మట్టి వేసేవాడు కాదు, పక్కింటి ముందు వేసేవాడు. నా ఇల్లు నీ చేతిలో, నీ ఇల్లు ఇంకొకడి చేతిలో. ఇక బద్ధకించేదెవడు?"

అలాగే వేశారు. పున్నమి నాటికి గట్టు ఏకంగా లేచింది.

ఆ పొద్దున్నే మాంత్రికుడు బాసికం కట్టుకుని వచ్చాడు. హేమరేఖ వాడి ఎదురుగానే పంజరం తలుపు తీసింది. చిలక ఎగిరిపోయింది. మాంత్రికుడు నిలబడ్డచోట బూడిద మిగిలింది. ఏరు హోరున మీదికొచ్చింది.

నూకాలవ్వ ఇంటి ముందు మట్టి జారింది. అక్కడ మట్టి వేసింది షావుకారు చిన్నయ్య. "అవ్వా, నీ ఇల్లు నాది!" అని పట్టుపంచెతోనే గండికి అడ్డంగా పడుకున్నాడు. అటు నలుగురు, ఇటు నలుగురు మట్టి తెచ్చి పోశారు, మెడదాకా చిన్నయ్య మీద కూడా! మధ్యాహ్నానికి ఏరు దిగివచ్చింది. చిన్నయ్యని తవ్వి బయటికి తీశారు.

రాజు ఉదయకేతుడికి కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి గోళ్ళలో ఇంకా గట్టుమట్టి ఉంది. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఏ ఎండాకాలమూ కోట ముందు వాళ్ళు తట్టెడు మట్టి కూడా వేసుకోలేదు. ఆ పని నూకాలవ్వ మనవలు చూసుకునేవాళ్ళు.

కథ కంచికి, మనం పక్కింటికి!