గచ్చకాయ దురద, ఊరంతా వైద్యులే

ఒకప్పుడు పిల్లులు తమ జబ్బులు తామే నోరు తెరిచి చెప్పేవి. కడుపు నొప్పి వస్తే కడుపు నొప్పి అనేవి. చెవి పోటు వస్తే ఏ చెవో కూడా చెప్పేవి. నమ్మబుద్ధి కావడం లేదా? ఇప్పటి పిల్లిని చూసి అప్పటి పిల్లిని అంచనా వెయ్యకండి. అది ఇలా మారడానికి కారణం మనుషులే. ఎలాంటి మనుషులో వినండి.

గానుగ ఆడించే పైడయ్య ఇంట్లో ఒక ఆడపిల్లి ఉండేది. ఒళ్లు గచ్చకాయ రంగు. అందుకని పేరు కూడా గచ్చకాయే. అది ఉన్నంతకాలం నువ్వుల బస్తాల దగ్గరకు ఎలుక రావాలంటే హడలిపోయేది. దానికి కొత్తగా పిల్లలు పుట్టాయి. ఇంకా కళ్లు తెరవలేదు. గానుగ వెనకాల ఒక బుట్టలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి.

ఉన్నట్టుండి గచ్చకాయకు దురద మొదలైంది. తోక మొదట్లో గోకింది. మెడ కింద గోకింది. నాకి నాకి, గోకి గోకి నడుం మీద వెంట్రుకలు ఊడిపోయాయి. ఎర్రటి పొక్కులు లేచాయి. ఈ పీడ పిల్లలకు అంటుకోకూడదని పాలిచ్చేటప్పుడు తప్ప బుట్టలోకి వెళ్లడం మానేసి, పక్కనే ఒక పాత గోనెసంచి మీద పడుకునేది.

"నీకేం వచ్చింది?" అని తన చర్మాన్ని అడిగింది.

"నన్నెవరో కుడుతున్నారు," అంది చర్మం. "కుట్టేది చిన్న ప్రాణమే. కానీ లోపల నా కాపలావాళ్లున్నారు చూడూ, వాళ్లకు బుద్ధి తక్కువ. దొంగ గోడ దూకితే దొంగను పట్టుకోవాలి కదా. వీళ్లు ఇల్లంతా తగలబెడుతున్నారు. పక్కింటి పిల్లినీ ఇవే కుడుతున్నాయి. దాని కాపలావాళ్లు ఇంత గోల చెయ్యరు. నావాళ్లు ఊరుకోవాలంటే ముందు ఆ కుట్టేవాటిని వెళ్లగొట్టించు."

గచ్చకాయ తిన్నగా పైడయ్య దగ్గరకు వెళ్లింది.

"అయ్యా, ఒళ్లు మండిపోతోంది. తోక మొదట్లో ఏదో కుడుతోంది. కాస్త వెంట్రుకలు విడదీసి చూడు."

అంతే అడిగింది. చేపలు అడగలేదు, పాలు అడగలేదు. చూడమంది. పైడయ్యకు చూసే అలవాటు లేదు. ఆయనకు తెలిసింది ఒక్కటే, నూనె. తలుపు కిర్రుమంటే నూనె, మోకాలు పట్టేస్తే నూనె, కోడలు అలిగితే ఆమె తలకూ నూనె.

"చూసేదేటే? రాసెత్తే తగ్గిపోద్ది," అని చారెడు వేపనూనె తెచ్చి చెవుల నుంచి తోక దాకా పట్టించాడు.

పిల్లి ఒంటిమీద పడిందేదైనా పిల్లి కడుపులోకే పోతుంది. అది ఒళ్లు నాక్కోకుండా ఉండలేదు. ఆ మాత్రం తెలుసుకోవడానికి పండితుడు కానక్కర్లేదు, ఒకసారి పిల్లి వంక చూస్తే చాలు. గచ్చకాయ నూనె నాకింది, వాంతి చేసుకుంది, రోజంతా మూలన పడి ఉంది. పైడయ్య మాత్రం, "మందు పనిచేత్తంది. లోపలి చెడంతా బయటికొచ్చేత్తంది," అని మీసం తిప్పాడు.

కళ్లకు గంతలతో గానుగ చుట్టూ తిరుగుతున్న ఎద్దు అది విని ముక్కుతో బుస్సుమంది. "నా కళ్లకు పైడయ్య గంతలు కట్టాడు. పైడయ్య కళ్లకు ఎవరు కట్టారో," అంది.

పక్కింటి ఎర్రమ్మ వచ్చింది. ఆమెకు ఏం చూసినా దిష్టే. పాలు విరిగితే దిష్టి, కూర మాడితే దిష్టి. కూర మాడ్చింది తనే అయినా సరే.

"అమ్మా, కుడుతోంది. విడదీసి చూడు," అంది గచ్చకాయ.

"నానెరగనేటి? బంగారంలాటి పిల్లి మీద పాడుకళ్లు పడ్డాయి," అని ఎండు మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఇల్లంతా ఘాటెక్కిపోయింది. గచ్చకాయ తుమ్మి తుమ్మి సొమ్మసిల్లింది. బుట్టలో పిల్లలు ఏడ్చాయి. ఎర్రమ్మ తృప్తిగా ఇంటికెళ్లింది.

ఆ తరువాత ఊరి పెద్ద లచ్చన్న దయచేశాడు. ఆయన గుమ్మంలోనే ఆగి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, "గజ్జి," అన్నాడు.

"దగ్గరకొచ్చి చూడండి బాబూ," అని గచ్చకాయ బతిమాలింది.

"నాకు దగ్గరకు రావలసిన పనేటి? నేనిక్కడి నుంచే చెప్పేత్తాను," అన్నాడు లచ్చన్న. ఇంత సున్నం తెప్పించి పొక్కుల మీద పూయించాడు. గచ్చకాయ పెట్టిన కేకకు గానుగ ఎద్దు కూడా ఆగిపోయింది. పుండ్లు ఇంకా పెరిగాయి. నోరున్నందుకు గచ్చకాయ ఊరుకోలేక ఆ సంగతీ చెప్పింది.

"సున్నానికీ లొంగలేదంటే ఇది మామూలు గజ్జి కాదు," అన్నాడు లచ్చన్న. "ఊరందరికీ అంటుకుంటాది. సంచిలో కట్టి కాలవ అవతల వదిలెయ్యండి."

తన వైద్యం తప్పని ఒక్కమాట అనడం కంటే పిల్లిని వదిలించుకోవడమే ఆయనకు సుళువు.

పైడయ్య భార్య చిట్టెమ్మ అడ్డం వచ్చింది. "బాబూ, పిల్లలు కళ్లు తెరవలేదు. తల్లి లేకపోతే చచ్చిపోతాయి."

"పిల్లి పిల్లల కోసం ఊరిని చంపుకుంటామేటి?" అన్నాడు లచ్చన్న. పైడయ్య తల దించుకుని సంచి కోసం వెతికాడు. చేతికందింది గచ్చకాయ పడుకునే గోనెసంచే.

"అయ్యా, నేను పోతే నా పిల్లలకు పాలెవరిస్తారు?" అని గచ్చకాయ ఏడ్చింది. పైడయ్య దాన్ని సంచిలో వేసి మూతి కట్టి భుజాన వేసుకున్నాడు. పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి లచ్చన్న సంచిని వెనక నుంచి పట్టుకుని నడిచాడు. ఊళ్లోవాళ్లు కూడా పనులు మానుకుని వెంటపడ్డారు.

కాలవ గట్టు ఎక్కకముందే పైడయ్య మెడ గోక్కున్నాడు. లచ్చన్న చంక గోక్కున్నాడు. తర్వాత వీపు. తర్వాత ఇంకెక్కడెక్కడో. పెద్దమనిషి పరువు పక్కన పెట్టి, చొక్కా విప్పేసి, గట్టుమీద కొబ్బరిచెట్టుకు వీపు రుద్దుకోసాగాడు.

"ఓలమ్మో, ఎవరో కొరికేత్తన్నారు. ఎవరైనా కాస్త చూడండర్రా," అన్నాడు.

సంచిలోంచి గచ్చకాయ గొంతు వినిపించింది. "చూడటమెందుకు? నూనె రాయండి. మిరపకాయలు దిగదుడవండి. తగ్గకపోతే సున్నం ఉంది. దానికీ లొంగకపోతే ఇంకో సంచి తెండి, లచ్చన్నగారు పట్టేంతది."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. చిట్టెమ్మ నవ్వలేదు. వెళ్లి లచ్చన్న వీపు చూసింది. సన్నటి నల్ల పురుగొకటి చటుక్కున గెంతింది. సంచి నిండా అవే.

అక్కడే కూర్చుని మూతి విప్పి గచ్చకాయను ఒళ్లోకి తీసుకుంది. వెంట్రుకలు విడదీసింది. తోక మొదట్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. తడిగుడ్డతో అద్దితే గుడ్డ మీద ఎర్రగా దిగాయి. అది పురుగులు తాగిన నెత్తురు. ఇన్నాళ్లూ అది అక్కడే ఉంది. ఇంతమంది వైద్యుల్లో ఒక్కరూ వంగి చూడలేదు.

చిట్టెమ్మ గచ్చకాయను ఇంటికి తెచ్చి పుండ్ల మీద మిగిలిన సున్నాన్ని మంచినీళ్లతో కడిగేసింది. పేల దువ్వెనతో దువ్వి దువ్వి పురుగుల్ని వేడినీళ్ల ముంతలో ముంచింది. పిల్లల్నీ దువ్వింది. పాత గోనెను తగలబెట్టింది. మూలమూలలా ఊడ్చి, గుడ్డలన్నీ ఉడకబెట్టి ఎండలో వేసింది. కుట్టేవాళ్లు పోయేసరికి లోపలి కాపలావాళ్లు కూడా మెల్లగా చల్లబడ్డారు. పుండ్లు మానాయి. నడుం మీద వెంట్రుకలు తిరిగి మొలిచాయి.

అప్పుడు పైడయ్య వచ్చి గచ్చకాయ ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇకమీదట ఏ నొప్పొచ్చినా ముందు నాకే చెప్పు, ఏం?" అన్నాడు. చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది.

గచ్చకాయ గిన్నె వంక చూసింది, పైడయ్య వంక చూసింది. ఒక్క మాట కూడా అనకుండా పిల్లల్ని ఒక్కొక్కటిగా మెడ పట్టుకుని అటక మీదకు చేర్చేసింది. అక్కడ వాటికి మొదట నేర్పిన పాఠం, నొప్పి వస్తే నోరు మూసుకోవడం.

అప్పటినుంచే పిల్లి తన జబ్బు ఎవరికీ చెప్పదు. ఒంట్లో బాగోకపోతే మంచం కిందకో అటక మీదకో పోయి, కాళ్లు ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంటుంది. మనం వంగి, "ఏమైందే?" అని ఎంత ముద్దుగా అడిగినా మొహం తిప్పుకుంటుంది.