చెరువుకు వేసిన మందు

పరాంకుశం మాస్టారు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పడం మానేసి చాలా కాలమైంది. అయినా పాత శిష్యులు ఏదో ఒక చిక్కు పట్టుకుని ఆకివీడులోని ఆయన ఇంటికి వస్తూనే ఉండేవారు. ఒక సాయంత్రం హైమావతి వచ్చింది. ఆమె ఇప్పుడు లెక్చరరు.

"మాస్టారూ, ఒక అమ్మాయి పరీక్ష తప్పితే మందలించాను. కోపంతో కాదు, ఇలాగైతే చదువు రాదని ఉన్నమాటే చెప్పాను. అదే మాట అంతకుముందు ఎందరికో చెబితే బాగుపడ్డారు. ఈ పిల్ల మర్నాటి నుంచి కాలేజీకే రావడం లేదు. నేనన్నదాంట్లో తప్పేముందండీ?"

"వాళ్ళింటి పరిస్థితి ఎలా ఉందమ్మా?"

"తెలియదండీ."

మాస్టారు ఆమెకు చిట్టబ్బాయి సంగతి చెప్పారు.

చిట్టబ్బాయిది కొల్లేటి పక్క ఊరు. మాస్టారి దగ్గరే బీఎస్సీ చదివాడు. అన్న గవర్రాజు చేపల చెరువు మీద బతుకుతూ అతన్ని చదివించాడు. ఒక వేసవిలో చేపలకు మొప్పల తెగులు తగిలింది. నీళ్ళలో పర్మాంగనేటు మందు కలపాలన్నారు. ఎంత కలపాలో నేను లెక్క కడతానన్నాడు చిట్టబ్బాయి. చెరువు పొడవు, వెడల్పు, లోతు హెచ్చవేసి నీళ్ళెన్నో తేల్చాడు. లీటరుకు ఇంత చొప్పున మందు బరువు కట్టాడు. "మావోడు కట్టిన లెక్కకు తిరుగులేదు" అని అన్న పక్క చెరువుల వాళ్ళకు చెప్పుకుని మురిసిపోయాడు. ఇద్దరూ కలిసి మందు తూచి, బకెట్లలో కరిగించి, చెరువంతా చల్లారు.

మధ్యాహ్నానికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. పొద్దు వాలేసరికి ఎటు చూసినా తెల్లటి పొట్టలే. చిట్టబ్బాయి గట్టు మీద కూలబడి లెక్క మళ్ళీ చేశాడు. అదే బరువు వచ్చింది.

"అన్నయ్యా, లెక్క సరిగ్గానే ఉంది" అని ఏడ్చాడు.

చచ్చిన చేపల్ని ఏరడానికి గవర్రాజు చెరువులోకి దిగాడు. నడిమధ్యన కూడా నీళ్ళు తొడలు దాటలేదు. చిట్టబ్బాయి వేసుకున్న లోతు దసరాకు కొలిచింది, అప్పుడు చెరువు నిండుగా ఉంది. వేసవికి కాలువలకు నీళ్ళు కట్టేశాక చెరువులో నీరు ఇంకిపోతూ వచ్చిందన్న సంగతి అతనికి తట్టనే లేదు.

"నన్నడిగితే చెప్పేవోణ్ణి కదరా" అన్నాడు గవర్రాజు. కోప్పడలేదు. ఆ తర్వాత చిట్టబ్బాయి అన్న ముఖంలోకి చూసి మాట్లాడిందే లేదు.

హైమావతి అడిగింది: "అయితే అతనిదే తప్పంటారా మాస్టారూ?"

"మందు మంచిదేనమ్మా, హెచ్చవేతా సరైనదే" అన్నారాయన. "నీళ్ళే తక్కువున్నాయి."