చుక్క తట్టిన ఆఖరి గుమ్మం

చాలా చాలా కాలం కిందటి మాట. కేతకీపురమనే రాజ్యంలో ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తులంటే ఇష్టం. రెండోవాడికి గుర్రాలంటే ఇష్టం. మూడోవాడి పేరు జయకేతుడు. వాడికి మాత్రం సముద్రమంటే ఇష్టం.

ఒకనాడు జయకేతుడు ఒక్కడే పడవెక్కి సముద్రం మీదికి పోయాడు. గాలివాన పట్టుకుంది. పడవ ముక్కలైంది. అలలు అతన్ని ఈడ్చుకుపోయి ఎక్కడో ఒక బెస్తగూడెం ఒడ్డున పడేశాయి. అక్కడ చెంగల్వ అనే పిల్ల వల ఆరేసుకుంటోంది. పడవ నడిపే పోలయ్య కూతురు. ఆమె అతన్ని ఒడ్డు మీదికి లాగి, గంజి పోసి, నెల్లాళ్లు కాపాడింది.

నెల్లాళ్లు ఎంతసేపు పిల్లలూ, ఇష్టమైన మనిషి పక్కనుంటే! చివరిరోజున ఇద్దరూ ఇసుకతీగ పూలతో దండలు కట్టి, సముద్రమే సాక్షిగా మార్చుకున్నారు.

"పున్నమి నాటికి పల్లకీతో వస్తాను" అన్నాడు జయకేతుడు.

"పల్లకీ దేనికి? నువ్వొస్తే చాలు" అంది చెంగల్వ.

అతను ఇంటికి పోయి తండ్రికి చెప్పాడు. తండ్రి మండిపడ్డాడు. "పడవవాడి కూతురు నాకు కోడలా? ఆ పేరు ఇంకోసారి ఎత్తితే నువ్వు నా కొడుకువే కావు!" అన్నాడు. జయకేతుడు తలవంచుకున్నాడు. ఒక పున్నమి పోయింది. రెండో పున్నమి పోయింది. మూడో పున్నమీ పోయింది. వంచిన తల ఎత్తడానికి అతనికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలోనే అన్నలిద్దరూ యుద్ధంలో పోయారు. ఆ దిగులుతో ముసలిరాజూ పోయాడు. జయకేతుడు రాజయ్యాడు. అప్పుడు పల్లకీ తీసుకుని పరుగున గూడేనికి పోయాడు. గూడెం లేదు. ఉప్పెనొచ్చి ఊరిని ఊడ్చుకుపోయిందని పశువులు కాసుకునే ముసలమ్మ చెప్పింది. "ఒక్కరూ మిగల్లేదు నాయనా" అంది.

పల్లకీ ఖాళీగా తిరిగొచ్చింది.

ఆ తర్వాత జయకేతుడు పెళ్లి చేసుకోలేదు. నగరంలో పాట లేదు, పండగ లేదు. రాజు తీర్పు చెప్పేవాడు, తిండి తినేవాడు, పడుకునేవాడు. చూసినవాళ్లు, మనిషున్నాడు గానీ మనసు లేదనేవారు. అట్లా ఏడేళ్లు గడిచాయి.

ఒకరోజు కొలువు నిండుగా ఉన్నప్పుడు ఒక చిన్నపిల్ల లోపలికొచ్చింది. ఏడేళ్లుంటాయి. కాళ్లు పగిలి నెత్తురు కారుతోంది. జుట్టంతా ఉప్పు పేరుకుంది.

"ఇక్కడ రాజెవరు?" అంది.

"నేనే తల్లీ" అన్నాడు జయకేతుడు.

ఆ పిల్ల అతన్ని ఎగాదిగా చూసింది. "నీ మొహం ఇప్పుడే ఏడ్చి లేచినట్టుంది. నీవల్ల అవుతుందో లేదో."

"ఏమవ్వాలి?"

"మా అమ్మని తీసుకురావాలి. భస్మాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతలికి. తనని పెళ్లి చేసుకోమన్నాడు. అమ్మ ఛీ పొమ్మంది. 'రోజూ సాయంత్రం అడుగుతాను. వద్దన్న ప్రతిరోజూ నువ్వు వేలెడంత రాయైపోతావు' అన్నాడు. అప్పుడే అమ్మ కాళ్లు రాయైపోయాయి. తాబేలు వీపెక్కి వెనకే పోయి చూశాను." పిల్ల ఏడవలేదు. "చాలా గుమ్మాలు తట్టాను. షావుకారు కుక్కని ఉసిగొలిపాడు. సేనాపతి నవ్వాడు. మునీశ్వరుడు కర్మ అన్నాడు. ఈ ఒక్క గుమ్మమే మిగిలింది."

"ముందే ఇక్కడికి రావాల్సింది కదమ్మా!"

"ఎట్లా వస్తాను? చచ్చినా కేతకీపురం రాజుగుమ్మం తొక్కొద్దని అమ్మ చెప్పింది."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు మాత్రం సింహాసనం అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అమ్మ పేరేంటి?"

"చెంగల్వ. నా పేరు చుక్క. ఉప్పెనలో అమ్మ తలుపుచెక్క పట్టుకుని తేలిందంట. నేను అప్పుడు కడుపులో ఉన్నానంట."

రాజు లేచాడు. మంత్రి అడ్డం వచ్చి, "మహారాజా, ఎవరో పిల్ల మాటకి రాజ్యం వదిలి..." అనబోయాడు.

"ఇంతకుముందొకసారి అడిగి వెళ్లాలనుకుని ఆగిపోయాను. ఈసారి ఎవర్నీ అడగను" అన్నాడు రాజు. చుక్కని భుజాన ఎత్తుకుని, అట్లాగే కోట దిగి నడిచాడు. నేను నీ తండ్రినని మాత్రం చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

ఒడ్డున ఆ ముసలి తాబేలు వాళ్లకోసమే కాచుకుని ఉంది. "చెంగల్వ వలలో నేను మూడుసార్లు పడ్డాను. మూడుసార్లూ వదిలేసింది. ఎక్కండి" అంది.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటారు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. ఏడోది మంచినీళ్ల సముద్రం. అన్నిటికన్నా అదే చెడ్డది. దాని నీళ్లు తాగితే ఎవరికోసం బయల్దేరారో మరిచిపోతారు. మూడు రోజుల ప్రయాణం. చుట్టూ అద్దంలాంటి నీళ్లు. పిల్ల గొంతెండిపోతోంది.

"ఒక్క గుక్క" అంది చుక్క.

"వద్దు తల్లీ. కథ చెబుతాను విను. ఒక రాకుమారుడు ఒకమ్మాయికి మాటిచ్చి వెళ్లి, తిరిగి రాలేదు."

"చచ్చిపోయాడా?"

"లేదు. భయపడ్డాడు."

"పులికా?"

"వాళ్ల నాన్నకి."

"పాపం ఆ అమ్మాయి" అంది చుక్క. "తర్వాతైనా వెళ్లాడా?"

"వెళ్తున్నాడు" అన్నాడు రాజు.

మూడోరోజు పొద్దున భస్మాక్షుడి దీవి కనిపించింది. చెట్టు లేదు, చేమ లేదు. ఎటు చూసినా రాతిమనుషులు. కొందరు చేతులు జోడించి ఉన్నారు, కొందరు ఏడుస్తున్నారు. వాళ్లంతా ఎప్పుడో పూర్తిగా రాయైపోయినవాళ్లు. మాంత్రికుడు పగలంతా గుహలో నిద్రపోతాడు. సాయంత్రం లేస్తాడు.

వాళ్ల నడుమ చెంగల్వ ఉంది. గొంతు దాకా రాయైపోయింది. చుక్క పరిగెత్తి ఆమెని వాటేసుకుంది. చెంగల్వ చేతులు కూడా రాయే. కూతుర్ని దగ్గరికి తీసుకోలేకపోయింది. కళ్లతోనే నిమిరింది.

అప్పుడు రాజుని చూసింది.

"ఈయన్నెందుకు తెచ్చావే?"

"ఆ ఒక్క గుమ్మమే మిగిలిందమ్మా."

చెంగల్వ కళ్లు మూసుకుంది. "వచ్చినందుకు సంతోషం, మహారాజా. పల్లకీ తెచ్చారా?"

జయకేతుడు ఇసుకలో కూలబడ్డాడు. "భయపడ్డాను చెంగల్వా. చెప్పుకోడానికి ఇంకే కారణమూ లేదు."

"మూడు పున్నములు ఒడ్డున కూచున్నాను. నాలుగో పున్నమికి తలెత్తి చూడ్డం మానేశాను. మా అయ్య ఆ దిగులుతోనే పోయాడు. నన్ను క్షమించమని అడక్కండి, నాకంత ఓపిక లేదు. ఇంక మూడు సాయంత్రాలే ఉన్నాయి. మీరు మనిషైతే ఆ పిల్లని తీసుకుపొండి. దానికి రాయైన తల్లిని చూపించొద్దు."

"పోను" అన్నాడు జయకేతుడు.

మొదటిరోజు అతను కత్తిపిడితో రాతిని పగలగొట్టబోయాడు. చిన్న పెచ్చు ఊడింది. అందులోంచి నెత్తురొచ్చింది, చెంగల్వ కేక పెట్టింది. అతను కత్తి సముద్రంలో విసిరేశాడు. సాయంత్రం తండ్రీకూతుళ్లు రాళ్ల వెనక దాక్కున్నారు. భస్మాక్షుడొచ్చి అడిగాడు. ఆమె వద్దంది. రాయి గడ్డం దాకా ఎక్కింది.

రెండోరోజు అతను గుహలోకి దూరి, నిద్రపోతున్న మాంత్రికుడి గొంతు నులిమాడు. పొగని నులిమినట్టే అయింది. మాంత్రికుడు కనీసం పక్కకి కూడా తిరగలేదు. జయకేతుడు బయటికొచ్చి, ఆమె ముందు నిలబడి, "వాడి గొంతు నులిమినా చావడం లేదు. నావల్ల కావడం లేదు" అన్నాడు. పిల్ల ఉందని కూడా చూడకుండా ఏడ్చాడు.

చెంగల్వ అతన్ని అట్లాగే చూసింది. "ఏడవకు" అంది. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ 'నువ్వు' అన్న సంగతి ఆమెకే తెలీలేదు. "వాడి ప్రాణం వాడి దగ్గర లేదన్నమాట. ఎక్కడుందో నేను అడుగుతాను."

ఆ సాయంత్రం భస్మాక్షుడొచ్చాడు. "నన్ను పెళ్లాడతావా?"

"ఎట్లా పెళ్లాడను?" అంది చెంగల్వ. "ఒకసారి ఒకడిని నమ్మి ఒంటరిదాన్నయ్యాను. రేపు నువ్వు చచ్చిపోతే?"

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "నేనా, చావడమా? దీవికి ఆ చివర ఇనుప తాటిచెట్టుంది. దాని తొర్రలో చిలకుంది. ఆ చిలకలో నా ప్రాణముంది. చెట్టెక్కినవాడి అరిచేతుల్లో చర్మం మిగలదు. ఆ చిలక బతికున్నంత కాలం నేనుంటాను. ఇప్పుడు చెప్పు."

"రేపు చెబుతాను."

"రేపు చెప్పడానికి నోరుండాలిగా!" అన్నాడు వాడు. వాడికి జాలి లేదు. రాయి పెదవుల కిందికి వచ్చింది.

మూడోరోజు తెల్లవారగానే జయకేతుడు తాటిచెట్టెక్కాడు. ఆకులు కత్తులు, మాను రంపం. సగం ఎక్కేసరికి చేతులు నెత్తురు ముద్దలయ్యాయి. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మళ్లీ మొదట్నుంచి ఎక్కాడు. తొర్ర అందేసరికి పొద్దు వాలిపోయింది.

లోపల ఒక ముసలి చిలక. రెక్కలు కత్తిరించి ఉన్నాయి. ఈకలన్నీ తెల్లబడ్డాయి.

"వచ్చావా నాయనా?" అంది చిలక. "మూడొందల ఏళ్లుగా ఎవరైనా వస్తారని చూస్తున్నాను. నా పిల్లలు పోయారు. వాళ్ల పిల్లలు పోయారు. నాకు మాత్రం చావు లేదు. ఒక్కసారి బయటికి తియ్యి. ఆకాశం ఎట్లా ఉంటుందో మరిచిపోయాను."

అతను చిలకని గుండెకి హత్తుకుని బయటికి తీశాడు. చిలక పైకి చూసింది. అప్పుడే గుహలో భస్మాక్షుడికి గుండె ఝల్లుమంది. లేచి, చుక్క జుట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ చెట్టు కిందికొచ్చాడు.

"చిలకని లోపల పెట్టు! లేకపోతే ఈ పిల్ల ఈ క్షణమే రాయైపోతుంది!"

అప్పుడు చిలక జయకేతుడి చెవిలో, "నన్ను వాడికే విసిరెయ్యి" అంది.

"నువ్వు చచ్చిపోతావు."

"నేనడిగేది అదే కదా. వాడు దేన్నీ మెల్లగా పట్టుకోడం ఎరగడు. విసురు."

"పెట్టను! నీ ప్రాణం నువ్వే పట్టుకో!" అని అరిచి, జయకేతుడు చిలకని గాల్లోకి విసిరాడు.

మాంత్రికుడు గావుకేక పెట్టి, పిల్లని వదిలేసి, రెండు చేతులూ చాచి చిలకని పట్టుకున్నాడు. ప్రాణం జారిపోతుందేమోనని గట్టిగా బిగించాడు. ఇంకా గట్టిగా బిగించాడు. చిలక మెడ వాలిపోయింది. భస్మాక్షుడు నిలుచున్న చోటే గుప్పెడు బూడిదై రాలిపోయాడు.

చుక్క ఇసుక తవ్వి చిలకని పాతిపెట్టింది. ఆ దీవిలో ఆమె మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

రాతిమనుషుల్లో ఎవరూ లేవలేదు పిల్లలూ. వాళ్లకి మరీ ఆలస్యమైపోయింది. చెంగల్వకి మాత్రం మెడ కదిలింది, చేతులు కదిలాయి. మొదట చేసిన పని, కూతుర్ని ఎదకి అదుముకోవడం. పాదాలు అన్నిటికన్నా ముందు రాయైనవి. వాటికి స్పర్శ రాలేదు. చుక్క భుజం మీద చెయ్యేసి నడవబోయింది. చుక్క చిన్నది, నిలవలేకపోయింది. జయకేతుడు దగ్గరికొచ్చాడు గానీ ముట్టుకోలేదు. చివరికి చెంగల్వే అతని భుజం పట్టుకుంది.

"ఈ ఇసుక దాటేదాకానే" అంది.

తాబేలు వాళ్లని తిరిగి తెచ్చింది. చెంగల్వ కోటకి రానంది. పాత గూడెమున్న చోటే గుడిసె వేసుకుంటానంది. జయకేతుడు ఎందుకని అడగలేదు. గాయాలు మానని చేతులతో తనే గుంజలు పాతాడు. రోజూ పొద్దున కొలువు చూసి, మధ్యాహ్నానికి గుర్రమెక్కి వచ్చేవాడు. నీళ్లు మోసేవాడు. ఆమె పాదాలకి వేడి ఆముదం రాసేవాడు. ఆమె కొన్నిరోజులు మాట్లాడేది, కొన్నిరోజులు మాట్లాడేది కాదు. మాట్లాడని రోజున కూడా అతను వచ్చేవాడు. వానాకాలం వచ్చి పోయింది, చలికాలం వచ్చి పోయింది. చుట్టుపక్కల బెస్తలొచ్చి ఆ చోట మళ్లీ గూడెం కట్టుకున్నారు.

ఒకనాడు అతను ఆముదం రాస్తుంటే చెంగల్వ ఉలిక్కిపడి పాదం వెనక్కి తీసుకుంది.

"కాలుతోంది!" అంది. ఆ తర్వాత తన పాదం వైపే చూస్తూ ఉండిపోయింది.

చుక్క అక్కడే కూచుని గవ్వలాడుకుంటోంది. తలెత్తి, "నిన్ను రాజా అని పిలవడం నాకు బాగోలేదు. రోజూ నీళ్లు మోసేవాణ్ణి రాజా అంటారా ఎవరన్నా? ఏమని పిలవాలి?" అంది.

అది చెప్పే హక్కు తనది కాదని జయకేతుడికి తెలుసు. చెంగల్వ వైపు చూశాడు.

చెంగల్వ చాలాసేపు సముద్రం కేసి చూసింది. పడవలు ఒడ్డుకొచ్చాయి. బెస్తలు వలలు దులుపుకుంటున్నారు. ఎంతసేపైందో చుక్క మళ్లీ గవ్వల్లో పడిపోయింది.

"నాన్నా అని పిలువు" అంది చెంగల్వ.

ఆ వారమే గూడెంలో పెళ్లయింది. రాజధాని అంతా నడిచొచ్చి ఇసుకలో కూచుని భోంచేసింది. చెంగల్వ కుంటుతూనే సింహాసనమెక్కింది, జయకేతుడి పక్కన నలభై ఏళ్లు రాజ్యమేలింది. వాళ్ల తర్వాత చుక్క ఏలింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ కోటకి తలుపులుండేవి గానీ, గడియలుండేవి కావట. వాళ్లక్కడ చల్లగా ఉన్నారు, మీరిక్కడ చల్లగా ఉండండి.