పెట్ట రెక్కల కింద చోటు

పశువుల కొట్టం మూలన, పాత గంపలో గడ్డి వేసుకుని చుక్కలపెట్ట గుడ్లు పొదగడానికి కూర్చుంది. కిందటిసారి పిల్లల్ని ఒక్కటీ మిగల్చకుండా గద్ద ఎత్తుకుపోయింది. ఈసారైనా నిలుపుకోవాలని దాని పట్టుదల. రెక్కలు ఎంత చాపితే అంతవరకే చోటు. తన గుడ్లు అందులో సరిగ్గా పట్టాయి.

అప్పుడు బాతు వచ్చింది. ఆ పేటలో బాతులకు గుడ్లు పెట్టడమే అలవాటు. కూర్చుని పొదిగే పని ఎప్పుడూ కోళ్ళదే.

"వదినా, నీ ఒంట్లో ఉన్న వేడి ఇంకెవరికుంది చెప్పు? నావి నాలుగే గుడ్లు. ఎలాగూ కూర్చునే ఉన్నావు కదా, నీకేం ఖర్చు?" అంది.

చుక్కలపెట్టను మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన అక్కర్లేదు. "దాందేముంది, తీసుకురా" అంది.

పక్కన కట్టేసి ఉన్న ముసలెద్దు నెమరు ఆపింది. "రెక్కలేమైనా పెరిగాయా అమ్మాయ్?"

"సర్దుకుంటాయిలే తాతా."

"సర్దుకునేవి గుడ్లు. రెక్కలు కాదు" అని ఎద్దు మళ్ళీ నెమరేసుకుంది.

బాతుగుడ్లు పెద్దవి. అవి నడుమకి చేరితే పెట్టవి మూడు అంచుకి జరిగాయి. మంచుకి చల్లబడి మురిగిపోయాయి. పెట్ట వాటిని ముక్కుతో పక్కకి దొర్లించి చాలాసేపు చూసింది. ఏడుపొచ్చింది. రెక్కలు సర్దుకుని మళ్ళీ కూర్చుంది.

పెట్ట గుడ్లలో మిగిలినవి చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. బాతుగుడ్లు మాత్రం కదల్లేదు. వాటికి ఇంకో వారం పడుతుంది. ఆ సంగతి బాతు చెప్పలేదు, పెట్ట అడగలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తూ గంప దాటి పెరట్లోకి దిగాయి. పైన గద్ద తిరుగుతోంది. పెట్ట లేస్తే బాతుగుడ్లు చల్లబడతాయి, లేవకపోతే పిల్లలు దక్కవు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదిరే వేళ కాదు.

పెట్ట గట్టిగా కేకేసి పిల్లల్ని దగ్గరికి పిలుచుకుంది. ఆ కేకకి బాతు కూడా వచ్చింది.

"వదినా, ఈ వారం నువ్వు కూర్చో. కాలవగట్టున ఎలాగూ కూర్చునే ఉంటావు కదా, నీకేం ఖర్చు?" అంది పెట్ట.

బాతు ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎంత మాట! కోతలైన మడుల్లో ఇప్పుడే నత్తలు దొరుకుతున్నాయి. వారం పోతే నీళ్ళు ఇంకిపోతాయి. ఇక్కడ కూర్చుంటే అవన్నీ పోయినట్టేగా!"

"నావి మూడు గుడ్లు పోయాయి వదినా" అంటూ పెట్ట లేచింది. "నీవి నత్తలు."

పిల్లల్ని వెంటబెట్టుకుని పెంటదిబ్బకేసి నడిచింది. గద్ద ఒకసారి కిందికి దిగి, పెట్ట ముక్కు చూసి, వేరే పేటకి వెళ్ళింది.

గంపలో గుడ్లు చల్లబడుతున్నాయి. బాతు అటూ ఇటూ చూసింది. పొదిగేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కి కూర్చుంది.

ఎద్దు నెమరు ఆపి, "ఖర్చేమీ లేదు కదా?" అని అడిగింది. బాతు ముక్కు రెక్కలో దూర్చుకుంది. వారం పోయాక అది పిల్లలతో లేచి మడికి చేరేసరికి నత్తలన్నీ కొంగల పాలయ్యాయి.

ఊరికే అయ్యే పని లేదు. దానికోసం వదులుకున్నదే దాని ఖరీదు.