ఒక్క కుట్టు తెగితే

రుద్రవరం సంస్థానంలో గుర్రపు జీన్లు కుట్టే సుంకన్నకు రాజుగారి కొలువు నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి దివాన్ భుజంగరావు పట్నం నుంచి తెప్పించిన కుట్టుమిషను పక్కన మీసం దువ్వుకుంటూ నిలబడి ఉన్నాడు.

“గుర్రం పొట్టకింద బిగించే పట్టీని నువ్వు పొద్దంతా కుడతావు. ఇది తాంబూలం నమిలేలోపు కుట్టేస్తుంది. రేపట్నుంచి నీకు పనిలేదు” అన్నాడు.

సుంకన్న రాజుగారికి దండం పెట్టాడు. “మంచిది దొరా. పోయేముందు ఒక్క మనవి.” అక్కడున్న మిషను కుట్టిన పట్టీలో ఒక కుట్టు, తాను కుట్టి తెచ్చిన పట్టీలో ఒక కుట్టు కత్తితో తెంపాడు. “దివాన్‌గారు వీటిలో ఏదో ఒకటి బిగించి, కోట చుట్టూ గుర్రాన్ని పరిగెత్తించాలి.”

“తెగినదానితో ఎవడెక్కుతాడురా?”

“రాపిడికి ఎప్పుడో ఒక కుట్టు తెగక తప్పదు కదా అయ్యగారూ. గుర్రం ఆ సంగతి మీకు చెప్పదు.”

భుజంగరావు రెండు పట్టీలూ గుంజి చూశాడు. మిషను కుట్టు జానెడు మేర ఊడి వచ్చింది. రెండు సూదులతో అటూ ఇటూ దూర్చి, కుట్టు కుట్టుకూ బిగించిన సుంకన్న పట్టీ కదల్లేదు. దివాన్ దాన్నే చేతిలోకి తీసుకున్నాడు.

రాజుగారు నవ్వారు. “మరి ఈ మిషన్ని ఏం చేద్దాంరా?”

“ధాన్యం గోతాలకు పెట్టండి దొరా. ఊడినా కిందపడేది వడ్లే కదా.”