ఫోబా సంచిలోని ఏడు ముఖాలు

ఇత్తడి పోత పోసే ఫోబా దగ్గర ప్రశ్నకు జవాబు మాటల్లో దొరకదు. అడిగినవాడికి ఏదో ఒక పని తగులుకుంటుంది, అంతే. పదమూడేళ్ళుగా ఆయన దగ్గర తిత్తులు ఊది, మన్ను తొక్కి, మైనం కాచిన నవిగేకు ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఏడు అడగకుండా ఉండలేకపోయాడు.

అది ఐవరీ కోస్టు ఉత్తరాన సెనూఫోలు, జూలాలు అనే రెండు తెగలు పక్కపక్కనే బతికే ఊరు. ఆటకు కట్టుకునే ఇత్తడి ముఖాలు పోత పోసేది సెనూఫోలు. రంజాన్ ఉపవాసాలు ముగిసిన పండగనాడు వాటిని కట్టుకుని ఆడేది జూలాలు. ఏ ఇంటి ముఖం ఆ ఇంటిది. ముఖం లేని ఇల్లు ఆ ఏటికి పక్కన నిలబడి చూడాల్సిందే.

పండగ పన్నెండు రోజులుందనగా మాతోగోమా అనే జూలా ముసలమ్మ, మనవడు లాసినాను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ గుడ్డ విప్పితే నుదుటి నుంచి గడ్డం దాకా చీలిన పాత ఇత్తడి ముఖం బయటపడింది. ఆవిడ మామగారు ఆడిన ముఖం, భర్త ఆడిన ముఖం. ఈ ఏడు మొదటిసారి లాసినా ఆడాలి.

“ఇలాంటిదే కావాలి తమ్ముడూ. మా ఇల్లు పక్కన నిలబడ్డ ఏడు ఇంతవరకూ లేదు,” అంది ఫోబాతో, తల ఏమాత్రం వంచకుండా.

ఫోబా ఆ పని నవిగేకు అప్పగించాడు. ఇది కుదిరితే అతను సొంత కొలిమి పెట్టుకోవచ్చు. నవిగేకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ సంబరంలోనే నోరు జారాడు.

“అయ్యా, పోసిన ప్రతిసారీ మైనంతో దిద్దిన ముఖం మట్టి లోపలే కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి పోశాక మట్టి అచ్చు పగలగొట్టేస్తాం. మళ్ళీ మొదటి నుంచీ వేళ్ళతో ముక్కూ కళ్ళూ దిద్దుకోవాలి. చీలినా ఇంత చక్కటి ముఖం చేతిలో ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకు? దీన్నే తడిమట్టిలో అద్ది, చీలిక గీత పూడ్చి, ఆ గుంటలో మైనం పరిచి పోసేస్తే పోలేదా?”

“చేసి చూడు,” అన్నాడు ఫోబా.

చేశాడు. అయిదో రోజుకల్లా కొత్త ముఖం ధగధగలాడుతూ బయటికి వచ్చింది. నవిగే దాన్ని చూసుకుని మురిసిపోతూ ముసలమ్మకు కబురు పెట్టాడు. లాసినా కట్టుకోబోయాడు. పట్టలేదు. అటూ ఇటూ ఉన్న రెక్కలు కణతలను నొక్కేశాయి, కంటి చీలికలు కళ్ళకు ఎదురు రాలేదు. మాతోగోమా దాన్ని తీసుకుని చెంపలు తడిమింది. అక్కడుండాల్సిన గాట్ల గీతలు వేలికి తగల్లేదు.

“మా ఇంటి ముఖమే బాబూ. కానీ పెద్ద జబ్బు చేసి లేచినట్టుంది,” అంది.

నవిగేకు తల కొట్టేసినట్టయింది. మైనం దిద్దేటప్పుడల్లా గురువు “ఒక వేలు పెద్దగా చెయ్యి” అని ఎందుకంటాడో పదమూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు మరి. ఆరేటప్పుడు మట్టి కొంత కుంచించుకుంటుంది, చల్లారేటప్పుడు ఇత్తడి కొంత కుంచించుకుంటుంది.

ఫోబా లోపలికి వెళ్ళి ఒక పాత తోలుసంచి తెచ్చి నేల మీద గుమ్మరించాడు. ఏడు ముఖాలు! ఒకదాన్ని అద్ది ఇంకొకటి తీసినవి. మొదటిది ఇరుకు, ఏడోది చంటిపిల్లకు సరిపోతుంది. దాని చెంపల మీద ఒక్క గీతా లేదు, నున్నగా కోడిగుడ్డులా ఉంది.

“నీ వయసులో నేను చూపించిన తెలివి,” అని నవ్వాడాయన, సిగ్గూ ఎగ్గూ లేకుండా. “పండగకు ఇంకా ఏడు రోజులున్నాయి. ఇత్తడి చాలదు, వీటిని కరిగించు.”

గురువు ఇన్నేళ్ళు దాచుకున్న వాటిని నవిగే ఒక్కొక్కటిగా మూసలో వేశాడు. పాత ముఖాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు. లాసినాను ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని కళ్ళ వెడల్పు చూశాడు, నుదురు చూశాడు, ఒక వేలు పెంచాడు. చెంపల మీద గీతలు లోతుగా, గట్టిగా గీశాడు. పోసి, చల్లార్చి, అచ్చు తన చేత్తోనే పగలగొట్టాడు.

మాతోగోమా ఆ గీతల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

“నేను పెళ్ళయి ఆ ఇంట అడుగుపెట్టిన ఏడు ఇవి ఇలాగే ఉండేవి. ఏటేటా పండగ ముందు ఇసకా నిమ్మరసం పెట్టి తోమి తోమి నేనే అరగదీశాను,” అంది. ఆవిడ కళ్ళు నిండాయి. తల మాత్రం అప్పుడూ వంచలేదు.

పండగనాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో లాసినా ఆడుతుంటే ఆ ముఖం వైపు తేరిపార చూడలేక జనం కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నవిగే పెట్టుకోలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా చూస్తూనే ఉన్నాడు. తన చేతుల్లోంచి వచ్చింది కదా, ఆ మాత్రం గర్వం ఉండొద్దూ!

మర్నాడు కొలిమి దగ్గర చిమ్ముతూ, “అయ్యా, సంచి ఖాళీ అయిపోయింది. పారేయనా?” అని అడిగాడు.

“నువ్వు మొదట చేసిందేదీ?”

“ఆ మూల పడేశాను. దాన్నీ కరిగించేస్తాను.”

“కరిగించకు. ఆ సంచిలో వేసి తీసుకెళ్ళి నీ కొలిమి దగ్గర తగిలించుకో,” అన్నాడు ఫోబా. “నిన్నూ అడిగేవాడు వస్తాడు.”